మందు పూసిన రాడ్డు, వంద కిలోమీటర్ల దారి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఎముకల డాక్టరువి గదా, మోకాళ్ళ నొప్పుల మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు. మన వయసు వాళ్ళకి పనికొస్తుంది" అన్నారు. ఆయన మాటలో అబద్ధం లేదు. ఇందాక మెట్లెక్కి వేదిక మీదికి వచ్చిన వాళ్ళల్లో సగం మంది ఒక చెయ్యి మోకాటి మీద పెట్టుకునే వచ్చారు. మోకాళ్ళ వాళ్ళు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి, ఒక్కొక్కరికీ చెబుతాను. ఇక్కడ మాత్రం వేరే సంగతి మాట్లాడతాను. విరిగిన ఎముకకు చీము పడితే ఏమవుతుంది, దానికి మందు పూసిన రాడ్డు వేస్తారంటే ఏమిటి, అది ఎంతవరకు పనిచేస్తుంది అన్నది నా విషయం.

ఈ విషయమే ఎందుకంటే, మా బ్యాచ్ మిత్రుడొకడు నాలుగో వరుసలో చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వాడి అనుమతి తీసుకునే మాట్లాడుతున్నాను. పేరు మాత్రం చెప్పొద్దన్నాడు. సభలో ఉన్న మీకందరికీ తెలుసు, సావనీర్ చదివేవాళ్ళకు తెలియనక్కర్లేదు.

మా బ్యాచ్‌లో చాలామందిమి పదో తరగతి అయిపోగానే ఉదయగిరి కొండ దాటి పోయాం. వాడు పోలేదు. ఎరువుల కొట్టు పెట్టుకుని ఇక్కడే ఉన్నాడు. ఆరేళ్ళ కిందట ఒక రాత్రి ఆత్మకూరులో పని చూసుకుని మోటారు సైకిల్ మీద తిరిగి వస్తుంటే గేదె అడ్డం వచ్చింది. ఎడమ కాలు, మోకాటి కింద ముందుండే పెద్ద ఎముక రెండు ముక్కలైంది. చర్మం చిట్లి ఎముక కొన బయటికి పొడుచుకు వచ్చింది. దాని మీద రోడ్డు మట్టి, గడ్డి పరకలు. చుట్టుపక్కల పొలాల వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. పాపం, తెలిసిన సాయమే చేశారు: గాయంలో కాఫీ పొడి కూరి, తువ్వాలుతో బిగించి కట్టి, ఆటోలో ఇంటికి చేర్చారు. తెల్లవారాక కారు మాట్లాడుకుని నెల్లూరు వచ్చేసరికి పదకొండు గంటలు గడిచాయి. అప్పటిదాకా ఒక్క యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కూడా పడలేదు. ఆ రోజే ఒక ఆసుపత్రిలో గాయం కడిగి రాడ్డు వేశారు.

రెండు నెలలకు కుట్ల పక్కన చిన్న పొక్కు లేచి చితికింది. చీము. మాత్రలు వాడితే ఆరిపోయింది. మళ్ళీ నలభై రోజులకు అదే చోట. ఇక్కడే నా తప్పు చెప్పుకోవాలి. వాడు నాకు ఫోన్ చేశాడు. "ఒరే, చీము కారతా ఉంది. ఏందన్నా మంచి మాత్ర చెప్పరా" అన్నాడు. నేను అప్పుడు ఓపీలో ఉన్నాను. ఫోన్‌లోనే ఒక మాత్ర పేరు చెప్పాను. నాలుగు నెలల తరువాత మళ్ళీ చేస్తే ఇంకొంచెం పెద్ద మాత్ర చెప్పాను. కాలు చూడలేదు, ఎక్స్‌రే అడగలేదు. వేరే ఏ డాక్టరైనా నా పేషెంటుకి అట్టా చేసి ఉంటే నేను ఊరుకునేవాణ్ణి కాను. స్నేహితుడు గనుక తేలిగ్గా తీసుకున్నాను. అట్టా మాత్రల మీద మాత్రలు మింగుతూ రెండున్నరేళ్ళు గడిపాడు. ఆఖరికి వాళ్ళ అమ్మాయి వెంటబెట్టుకుని వచ్చింది. "మామా, ఇంట్లో వాసన వస్తా ఉంది" అంది. ఆ ఒక్క మాటకు నేను తలెత్తలేకపోయాను.

మాత్రలు ఎందుకు పనిచేయలేదో చెప్పాలంటే కొంచెం లోపలికి వెళ్ళాలి.

మీ మోకాటి కింద ముందువైపు చేత్తో తడిమి చూడండి. చర్మం, వెంటనే ఎముక. మధ్యలో కండ లేదు. వెనక పిక్కలో కండ ఉంది గాని ముందు లేదు. ఎముకకు రక్తం అందించేది చుట్టూ ఉండే కండ, పైన ఉండే పొర, లోపలి మూలుగ. దెబ్బ తగిలి పొర చీలి, మూలుగలోని రక్తనాళం తెగితే అక్కడి ఎముక ముక్క చచ్చిపోతుంది. రక్తం వెళ్ళని చోటికి మందు వెళ్ళదు. మనం మింగే మాత్రైనా, నరానికి ఎక్కించే మందైనా రక్తంలో కలిసే కదా ప్రయాణం చేసేది. కాలువ తెగిపోయిన పొలానికి సోమశిల నిండినా ఒకటే, ఎండినా ఒకటే.

రెండో కారణం ఇంకా మొండిది. వర్షాకాలం వెళ్ళాక కొండ మీది కోనేటి మెట్లు ఎక్కినవాళ్ళకు పాచి సంగతి తెలుసు. బిందెలతో నీళ్ళు పోసినా పోదు, గీకాల్సిందే. ఎముకలో వేసిన స్టీలు రాడ్డు మీద సూక్ష్మజీవులు చేరితే అవీ ఇట్టాగే జిగురు పొర అల్లుకుని దాని కింద దాక్కుంటాయి. దాన్ని బయోఫిల్మ్ అంటారు. ఆ పొర కింద సగం నిద్రలో ఉండే క్రిములను చంపాలంటే మామూలుగా రక్తంలో ఉండే మోతాదుకు వందల రెట్లు కావాలి. అంత మందు నరానికి ఎక్కిస్తే క్రిముల కంటే ముందు కిడ్నీలు పోతాయి. గ్రిస్టినా అనే అమెరికన్ సర్జన్ 1987లో ఒక మాట వాడారు: పరుగు పందెం. రాడ్డు లోపలికి వెళ్ళిన క్షణం నుంచి దాని ఉపరితలం కోసం మన శరీర కణాలకు, క్రిములకు మధ్య పందెం మొదలవుతుందని. ఎవరు ముందు చేరి ఆక్రమిస్తే స్థలం వాళ్ళది. ప్రభుత్వ పోరంబోకు చూసినవాళ్ళకు ఇది నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

కాబట్టి మందును రక్తంతో పంపించే బదులు ఆ చోటులోనే పెడితే? ఈ ఆలోచన కొత్తదేం కాదు. మన రసాయన శాస్త్రం మాస్టారు పదో తరగతిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పాఠం చెబుతూ, పొడిలో నీళ్ళు పోసి గట్టిపడ్డాక గ్లాసు వేడెక్కిందని మా అందరి చేతా పట్టించి చూపించారు. ఆ పొడినే 1892లో డ్రీస్మన్ అనే జర్మన్ డాక్టరు ఎముకలోని గుంటలు నింపడానికి వాడాడు. ఈనాటికీ అదే కాల్షియం సల్ఫేట్‌ను శుద్ధి చేసి, యాంటీబయాటిక్ కలిపి, ముత్యాల్లాంటి గుళికలు చేసి ఎముక గుంటల్లో వేస్తున్నాం. కొన్ని వారాల్లో అవి కరిగిపోతాయి, తీయడానికి మళ్ళీ కోయక్కర్లేదు. మాస్టారూ, ఆ రోజు మీరు చూపించిన గ్లాసు నాకు ఆపరేషన్ థియేటర్‌లో ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేను.

అసలు మలుపు 1970లో జర్మనీలోని హాంబర్గ్‌లో వచ్చింది. తుంటి కీళ్ళు మార్చేటప్పుడు లోహాన్ని ఎముకకు అంటించడానికి ఒక సిమెంటు వాడతారు. పేరుకే సిమెంటు. నిజానికి అది మెరిసే ప్లాస్టిక్కు జాతి, అద్దాల బదులు వాడే ప్లెక్సీగ్లాస్ కుటుంబం. బుఖోల్ట్స్, ఎంగెల్‌బ్రెష్ట్ అనే ఇద్దరు డాక్టర్లు ఆ సిమెంటులో జెంటామైసిన్ పొడి కలిపారు. గట్టిపడ్డాక కూడా మందు మెల్లగా బయటికి ఊరుతూ ఉందని గమనించారు. ఆ దశాబ్దంలోనే ఫ్రాంక్‌ఫర్ట్‌లో క్లెమ్ అనే సర్జన్ ఆ సిమెంటును చిన్న పూసలుగా చేసి, తీగకు దండలా గుచ్చి, చీము పట్టిన ఎముక గుంటలో పెట్టాడు. మా చదువు రోజుల్లో మేము చేసినదీ ఆ దండలే. చిక్కేమిటంటే పూసల దండ మందు ఇస్తుంది గాని ఎముకను నిలబెట్టలేదు. విరిగిన ఎముక కదులుతూ ఉంటే చీము తగ్గదు, చీము ఉంటే ఎముక అతకదు. 2002లో అమెరికాలోని పేలీ, హెర్జెన్‌బర్గ్ ఈ రెండింటినీ కలిపారు: సన్నటి రాడ్డు తీసుకుని దాని చుట్టూ మందు కలిపిన సిమెంటు పోత పోసి ఎముక మధ్యలోకి దింపారు. లోపల లోహం, పైన మందు.

యూరప్‌లో కంపెనీలు ఫ్యాక్టరీలోనే రాడ్డు మీద పలచని పొరగా జెంటామైసిన్ పూసి అమ్ముతున్నాయి. ఆ పూత మందులో ఎక్కువ భాగం మొదటి రెండు రోజుల్లోనే వదిలేస్తుంది. కొత్తగా విరిగిన ఎముకలో క్రిములు పందెం గెలవకుండా ఆపడానికి అది. జపాన్‌లోని కనజావాలో అయొడిన్ పూతతో చేస్తున్నారు, వెండి పూతలూ ఉన్నాయి. మన దగ్గర మామూలు ఆసుపత్రుల్లో ఇంత ఖరీదు పెట్టి కొనేవాళ్ళు తక్కువ. అందుకని మన దేశంలో సర్జన్లు థియేటర్‌లోనే చేత్తో తయారు చేసుకుంటారు. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే వాళ్ళ పనితనం చూస్తూ పెరిగినవాడిని గనుక ఈ పని నాకు మొదటి రోజే నచ్చింది.

ఎట్టా చేస్తామంటే, ఛాతీలో చేరిన నీరు తీయడానికి వాడే ప్లాస్టిక్ గొట్టం ఒకటి తీసుకుంటాం. ఎముక లోపలి కాలువ ఎంత వెడల్పో దానికి ఒక మిల్లీమీటరు తక్కువ గొట్టం. లోపల లిక్విడ్ పారఫిన్ రాస్తాం, దోసె పెనానికి నూనె రాసినట్టు. నలభై గ్రాముల సిమెంటు పొడి ప్యాకెట్‌లో వాంకోమైసిన్ పొడి రెండు నుంచి నాలుగు గ్రాములు కలుపుతాం. సిమెంటు గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది. ఆ వేడికి చెడిపోయే యాంటీబయాటిక్‌లు పనికిరావు. వాంకోమైసిన్, జెంటామైసిన్, టోబ్రామైసిన్ లాంటివి తట్టుకుంటాయి. ద్రవం పోసి కలిపితే ముందు మజ్జిగలా ఉంటుంది, రెండు మూడు నిమిషాల్లో పిండి ముద్ద అవుతుంది. ముద్ద కాకముందే గొట్టంలోకి ఎక్కించి, నడిమధ్యన సన్నని రాడ్డు దూర్చాలి. పక్కకు పోతే ఒకవైపు సిమెంటు పలచనై తీసేటప్పుడు విరిగి లోపలే ఉండిపోతుంది. నాకు ఒకసారి అట్టా జరిగింది. ఆ ముక్కలు ఏరడానికి రెండు గంటలు పట్టింది. గట్టిపడ్డాక గొట్టాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి వలిచేస్తే లోపల పాల తెలుపు కడ్డీ వస్తుంది. మొదటి ఒకటి రెండు రోజులు మందు ఉధృతంగా ఊరుతుంది, తరువాత కొన్ని వారాల పాటు కొంచెం కొంచెంగా. ఆ చోట మందు మోతాదు చాలా ఎక్కువ, రక్తంలో చేరేది బహు తక్కువ. కిడ్నీలు క్షేమం.

ఇంత చెప్పాక మీకు రాడ్డే అంతా చేసినట్టు అనిపిస్తుంది. అది పొరపాటు. మా మిత్రుడి కాలుకు నేను చేసిన పనిలో రాడ్డు వాటా నాలుగో వంతు కూడా కాదు.

ముందు చేసిన పని వాడికి ఏ మాత్రం నచ్చలేదు. రెండు వారాల పాటు యాంటీబయాటిక్‌లు అన్నీ ఆపించాను. "మందిమ్మని వస్తే ఉన్న మందు మానేయమంటావేందిరా" అని కోప్పడ్డాడు. మందు వంట్లో ఉండగా తీసిన శాంపిల్‌లో క్రిమి దొరకదు. బయటికి కారే చీమును పుల్లకు అద్ది పరీక్షకు పంపితే చర్మం మీద ఉండే అడ్డమైన క్రిములూ వస్తాయి. లోపలి దొంగ ఎవడో తెలియదు. థియేటర్‌లో పాత రాడ్డు తీసి, లోతైన చోట్ల నుంచి ఐదు శాంపిళ్ళు పంపాను. తరువాత ఎముక కాలువను లోపలి నుంచి తొలిచి కడిగాను. చచ్చిన ఎముకను ఉలితో తీసేయాలి. ఎంతవరకు తీయాలి? బతికున్న ఎముక తగలగానే చిన్న చిన్న రక్తపు చుక్కలు కారప్పొడి చల్లినట్టు కనిపిస్తాయి. పాశ్చాత్య పుస్తకాల్లోనూ దీన్ని మిరప గుర్తు అనే రాస్తారు. ఆ ఎరుపు కనిపించేదాకా తీస్తూనే ఉండాలి. జాలి పడి కొంచెం వదిలితే ఆ కొంచెమే మళ్ళీ చీము పెడుతుంది. మా వాడికి నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు పోయింది.

ఇక్కడొక పిట్టకథ. బతికున్న ఎముకనూ చచ్చిన ఎముకనూ వేరుచేయడానికి పాత సర్జన్లు ఇంకో ఉపాయం చేసేవారు. ఆపరేషన్‌కు ముందు రోజుల్లో టెట్రాసైక్లిన్ ఇచ్చేవారు. ఆ మందు బతికున్న ఎముకలో చేరి అల్ట్రావయొలెట్ దీపం కింద పసుపుపచ్చగా మెరుస్తుంది, చచ్చిన ఎముక మెరవదు. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో బయటికి వచ్చింది. అది కనిపెట్టింది డగ్గర్, ఆ పరిశోధనలకు లెడర్లీ ప్రయోగశాలలో సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది ఆయన చనిపోయాడు. మనకు సైన్సు పుస్తకాల్లో ఆయన గురించి ఒక్క పేరా కూడా చెప్పిన గుర్తు లేదు నాకు.

సరే, మందు పూసిన రాడ్డు దించి, ఖాళీ అయిన చోట మందు సిమెంటు ముద్ద పెట్టాను. శాంపిళ్ళ రిపోర్టు వచ్చాక దానికి తగ్గ మందు మొదలుపెట్టాం. కొన్ని రోజులు నరానికి ఇచ్చి తరువాత మాత్రల్లోకి మార్చాను. వాళ్ళ బంధువులకు ఇది రుచించలేదు. "బాటిల్ తీసేసి మాత్రలు ఇస్తున్నారేంది, డబ్బులు కట్టలేదనా?" అని అడిగారు. వాళ్ళ తప్పు కాదు, డాక్టర్లమే చాలాకాలం అట్టా అనుకున్నాం. బ్రిటన్‌లో వెయ్యి మందికి పైగా ఎముక, కీళ్ళ ఇన్ఫెక్షన్ పేషెంట్ల మీద చేసిన పరీక్ష 2019లో అచ్చయింది. మొదటి ఆరు వారాలు మాత్రలు వాడినవాళ్ళు, నరానికి మందు ఎక్కించుకున్నవాళ్ళ కంటే ఏమీ తీసిపోలేదని తేలింది. సరైన మాత్ర, సరైన క్రిమికి, చచ్చిన ఎముక తీసేశాక. ఈ మూడూ కుదిరితేనే. ఫోన్‌లో చెప్పే మాత్ర కాదు.

సిమెంటు ముద్ద చుట్టూ శరీరం ఒక పలచని పొర అల్లుతుంది. దాంట్లో రక్తనాళాలుంటాయి. ఫ్రాన్స్‌కు చెందిన మాస్కెలే అనే సర్జన్ ఆ పొరను జాగ్రత్తగా తెరిచి, ముద్ద తీసేసి, ఆ సంచిలోనే తుంటి నుంచి తెచ్చిన ఎముక తురుము నింపవచ్చని చూపించాడు. రెండు నెలల తరువాత మేమూ అదే చేశాం. మందు రాడ్డు తీసి గట్టి రాడ్డు వేశాం. ఎముక అతుక్కుని, కాలు మీద పూర్తి బరువు మోపేసరికి మొదటి ఆపరేషన్ నుంచి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ ఎరువుల కొట్టు వాళ్ళ అమ్మాయి నడిపింది. బీడీ మానమని నేను చెబితే వినలేదు. ఆ పిల్ల చెబితే మానేశాడు. బీడీ తాగేవాళ్ళ ఎముక ఆలస్యంగా అతుకుతుంది, ఇది బెదిరింపు కాదు.

ఇప్పుడు వాడి కాలు ఒకటిన్నర సెంటీమీటరు పొట్టి. చీలమండ పూర్తిగా వంగదు. కింద కూర్చోలేడు, పెళ్ళి పంక్తిలో బల్ల వెతుక్కుంటాడు. కొండ ఎక్కడం అయిపోయింది. చీము మాత్రం మూడేళ్ళుగా లేదు.

ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన ఇంకొకాయన సంగతి కూడా చెప్పకపోతే లెక్క సరిపోదు. ఆయనకూ ఇదే పూత రాడ్డు వేశాను. ఆయనకు సుగరు ఉంది, చీము ఏళ్ళ తరబడి ఉంది, క్రిమి చాలా మందులకు లొంగనిది. ఎక్కడెక్కడో మెడికల్ షాపుల్లో కొనుక్కున్న మాత్రలు సగం సగం వాడి దాన్ని రాటుదేల్చారు. సిమెంటులో కలపడానికి పనికొచ్చే మందులే రెండు మూడు, ఆ క్రిమి వాటిలో దేనికీ లొంగలేదు. రెండో ఆపరేషన్ తరువాత మోకాటి కింద కాలు తీసేయాల్సి వచ్చింది. ఆయన కృత్రిమ కాలు పెట్టుకుని ఇప్పుడు మా వాడి కంటే వేగంగా నడుస్తాడు, అది వేరే మాట. కాలు తీసిన రోజు ఆయన భార్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

మన మెట్ట ప్రాంతపు ఎముకల గురించి ఒక ముక్క. మన బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని మీకు తెలుసు. ఈ దేశంలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును డాక్టర్లు మొదట గుర్తించి 1937లో రాసింది అప్పటి మద్రాసు రాష్ట్రంలోని మన జిల్లా మెట్ట పల్లెల గురించే. అట్టాంటి ఎముక ఎక్స్‌రేలో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. గట్టిగా ఉంటుంది గాని పెళుసు. డ్రిల్లు మొద్దుబారుతుంది, లోపలి కాలువ సన్నగా ఉంటుంది, పూత రాడ్డు పట్టదు. ఈ పల్లెల నుంచి పెద్దవాళ్ళు వస్తే నేను రాడ్డు కొలతలు ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను.

పుత్తూరు కట్టు గురించి అడుగుతారని తెలుసు, ప్రతి సభలోనూ అడుగుతారు. చర్మం చెదరని, పక్కకు జరగని విరుపుకు ఆ కట్టు కట్టించుకుని బాగైనవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. మా నాయన మణికట్టు వాళ్ళ చేతి మీదే అతికింది. ఆ పనిని నేను ఎగతాళి చెయ్యను. కానీ చర్మం చిట్లి రక్తం కారితే అది కట్టు పని కాదు. వెదురు దబ్బలూ కోడిగుడ్డు సొనా దానికి పనికిరావు. ఆ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే చాలు: గాయం ఉందా, లేదా.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నదానికి వస్తాను. 1974లో లాస్ ఏంజెలెస్‌లో పట్జాకిస్ అనే డాక్టరు ఇట్టాంటి ఎముక బయటపడిన దెబ్బల మీద ఒక పరీక్ష చేశాడు. యాంటీబయాటిక్ ఇవ్వని వాళ్ళలో నూటికి దాదాపు 14 మందికి చీము పట్టింది. సెఫలోథిన్ అనే ఇంజెక్షన్ ఇచ్చినవాళ్ళలో నూటికి ఇద్దరు ముగ్గురికి. ఎంత త్వరగా ఇవ్వాలి? 2015లో అమెరికాలోనే తీవ్రమైన కాలి విరుపుల మీద వచ్చిన ఒక అధ్యయనం 66 నిమిషాలు అంది. దెబ్బ తగిలిన 66 నిమిషాల లోపల మొదటి ఇంజెక్షన్ పడినవాళ్ళకు, ఆ తరువాత పడినవాళ్ళకు చీము విషయంలో స్పష్టమైన తేడా కనిపించింది.

ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. ఎంత తోలినా 66 నిమిషాల్లో రాలేం. మా మిత్రుడికి పదకొండు గంటలు పట్టింది. అందుకని ఆ మొదటి ఇంజెక్షన్ నెల్లూరులో కాదు, ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో పడాలి. దానికి ఎముకల డాక్టరు అక్కర్లేదు. ఆ మందు పెద్ద ఖరీదూ కాదు. 108 కు ఫోన్ చేసి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి ముందు చేరడం, అక్కడ "ఎముక బయటపడింది, యాంటీబయాటిక్, ధనుర్వాతం ఇంజెక్షన్లు ఇప్పుడే ఇవ్వండి, ఇచ్చిన టైము చీటీ మీద రాయండి" అని అడగడం, తరువాత నెల్లూరు బయలుదేరడం. నేరుగా పెద్దాసుపత్రికి పోదాం అనే తొందరలో మనం దాటేసేది ఈ మెట్టునే.

గాయంలో కాఫీ పొడి, పసుపు, పేడ, ఏదీ వద్దు. శుభ్రమైన నీళ్ళు ధారగా పోసి, ఉతికిన గుడ్డ కప్పి, పైకీ కిందికీ కదలకుండా అట్టముక్కో కర్రో పెట్టి వదులుగా కట్టాలి. సబ్బు కూడా అవసరం లేదు. ఆసుపత్రిలో గాయం ఎట్టా కడగాలనే దాని మీద ఇండియాతో కలిపి ఐదు దేశాల్లో దాదాపు 2,500 మంది మీద చేసిన పరీక్షలో సబ్బు నీళ్ళ కంటే మామూలు సెలైనే మేలని 2015లో తేలింది. ఎముక బయటికి కనిపిస్తుంటే లోపలికి తోయొద్దు. తోస్తే మట్టి కూడా వెంట పోతుంది.

స్వర్ణోత్సవం సందర్భంగా సంఘం విరాళాలతో స్కూలు ప్రహరీ, ఆర్చి కడదామని తీర్మానం వచ్చింది. ఆర్చి మీద నాకు వ్యతిరేకత లేదు. అయితే కాలికి కట్టే తేలికపాటి స్ప్లింట్లు ఓ ఇరవై కొని ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా రోడ్డు పక్కన టీ కొట్లలో, పెట్రోలు బంకుల్లో, ఆటో స్టాండ్లలో పెడితే ఆర్చికయ్యే ఖర్చులో చిన్న భాగం కూడా కాదు. కార్యదర్శి గారితో నిన్న రాత్రి మాట్లాడాను. ఆలోచిద్దాం అన్నారు. ఆలోచించేలోపల నేను నా వంతు ఐదు తెచ్చాను, వెనక నా కారులో ఉన్నాయి.

వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం పది గంటలకు మన స్కూలు ఆవరణలోనే ఆటో డ్రైవర్లకు, టీ కొట్ల వాళ్ళకు కట్టు కట్టడం చూపిస్తాను. ఒక్కపూట పని. పదో తరగతి పిల్లలను కూడా పంపుతానని హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. పిలవాల్సిన వాళ్ళ జాబితా మా మిత్రుడి కొట్లో ఉంది, వాడి దగ్గర పేర్లు రాయించండి. కాలు ఎవరిది చూపించాలి అని అడిగితే "నాదే చూపించు, మచ్చలు బాగా కనిపిస్తాయి" అన్నాడు.

మోకాళ్ళ వాళ్ళు భోజనాల దగ్గర కలవండి.